ఆడపడుచు దిద్దిన పేపరు

ముప్పై నాలుగేళ్ళ క్రితం, జూన్ మూడవ తేదీన, మన ధరల గణాంక కార్యాలయంలో క్షేత్ర పరిశీలకురాలిగా బాధ్యతలు స్వీకరించిన మన గౌరవనీయ సహోద్యోగిని, ఈ నెలాఖరున సహాయ సంచాలకురాలిగా విధుల నుండి విరమిస్తున్నారు.

తొలి పదేళ్ళూ ఆమె కొలువంతా బజారులోనే. ఉల్లిపాయల నుండి చెప్పుల దాకా ధరలు అడిగి రాసుకోవడమే తప్ప ఏనాడూ ఏదీ కొనని ఆమెకు దుకాణదారులు “ఉత్తబేరం మేడమ్” అని పేరు పెట్టారు. ఒక కిరాణా వ్యాపారి, “ఒక్కసారైనా కొనండమ్మా” అని బతిమాలితే, “కొంటానంటే తగ్గించి చెప్తావు, అప్పుడు నా లెక్క చెడుతుంది” అన్నారట.

అనంతరం కార్యాలయ బాధ్యతల్లో క్రమంగా ఎదిగిన ఆమెకు, ఉప సంచాలక పదవి చేరువైన తరుణంలో, అర్థశాస్త్రంలో ఎం.ఏ. పట్టా తప్పనిసరి అనే నిబంధన అడ్డువచ్చింది. నలభై ఆరేళ్ళ వయసులో సాయంకాలపు కళాశాలలో చేరి, తన పిల్లల ఈడువారి నడుమ ముందు బల్లపై కూర్చున్నారు. సూక్ష్మ అర్థశాస్త్రం బోధించేది స్వయానా ఆమె ఆడపడుచు. ఇంట్లో “ఏమ్మా” అని పిలిచే మనిషిని తరగతిలో “మేడమ్” అనడానికి ఆమె ఏమాత్రం మొహమాటపడలేదు.

చివరి సంవత్సరం ఆ ఒక్క పేపరులోనే, రెండు మార్కుల తేడాతో, ఆమె తప్పారు. ఆ సబ్జెక్టుకు కళాశాలలో మరొక అధ్యాపకులు లేనందున దిద్దినవారు ఆడపడుచుగారే.

“సొంత వదినకి రెండు మార్కులు వెయ్యడానికి చేతులు రాలేదా దానికి?” అని భర్త మండిపడ్డారు.

“నేను తప్పు రాస్తే తనేం చేస్తుందండీ? బజారులో తిరిగినన్నాళ్ళూ నేను మాత్రం తెలిసినవాళ్ళు కదా అని ఎవరి ధరైనా తగ్గించి రాశానా?”

ఆడపడుచు మాత్రం ఆ గడప తొక్కడం మానేశారు. కొన్ని వారాలు చూసి, ఈమే పుస్తకం చంకన పెట్టుకుని వారింటికి వెళ్ళారు.

“నామీద కోపం లేదా వదినా?”

“ఎందుకు లేదూ, ఉంది. అది తర్వాత చూసుకుందాం. ముందు మూడో ప్రశ్నలో ఎక్కడ తప్పానో చెప్పు, కూర్చో.”

ఆ యేటి పదోన్నతి, ఆమెకంటే ఆరేళ్ళు వెనుక చేరిన ఈ వ్యాసకర్తకు దక్కింది. మర్నాడు అతడి గదిలోకి ఆమె రాగానే అతడు అలవాటుగా లేచి నిలబడ్డాడు. “మీరు కూర్చుంటేనే కదా సార్, నేను కూర్చునేది” అని ఆమె నవ్వుతూ దస్త్రం తెరిచారు. మరుసటి యేడు ఆమె ఆ పేపరులో మంచి మార్కులతో ఉత్తీర్ణులయ్యారు గానీ, ఆ స్థానం తిరిగి ఖాళీ అయ్యేనాటికి పదోన్నతికి వయసు గడువు దాటిపోయింది. అర్హత ఉండి కూడా ఆమె ఒక మెట్టు కిందనే విరమిస్తున్నందుకు ఈ కార్యాలయంలో బాధపడనివారు లేరు. ఆ లోటు ఏ అభినందన పత్రంతోనూ పూడదు.

ఈ సంచిక కోసం వివరాలు అడుగగా ఆడపడుచుగారు, “ఆ రోజు మా వదిన రాకపోయుంటే, ఆ తర్వాత నేను ఏ పేపరూ నిక్కచ్చిగా దిద్దగలిగేదాన్ని కాదండీ” అన్నారు.

అట్టి విదుషీమణికి సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ళ ఆయుష్షు, మనసుకు నచ్చిన పనిలో తీరిక కలగాలనీ, ఆ వదినామరదళ్ళు చిరకాలం ఒకరింటికి ఒకరు వచ్చిపోతూ ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాము.