వదులు చేసిన కుట్లు

ఏంటమ్మాయ్, తిండి మానేసిన మీ పిల్ల ఇప్పుడు తింటోందిగా, ఒళ్లు కూడా చేస్తోంది, మరి ముందుకంటే ఎక్కువ ఏడుస్తోందేంటి అంటావా? కూర్చో, అలా గుమ్మంలో నిలబడి మాట్లాడకు. మా ఆడపడుచు సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదూ? ఆవిడ పోయి చాలా ఏళ్లయిందిలే, ముసలితనంలో నిద్దట్లోనే వెళ్లిపోయింది. మాది బట్టలు కుట్టే కొట్టు. కింద మిషన్లు, పైన మా కాపురం. మిషన్లు మా ఆయనవి, కత్తెర ఆవిడది. గుడ్డ పరిచి ఒక్కసారి చూసిందంటే చాలు, సుద్దముక్క కూడా పట్టేది కాదు. అందుకే కొట్లో అందరూ కత్తెరమ్మ అనేవాళ్లు. మా ఆయనకి చెల్లెలంటే ప్రాణం. నేనేమన్నా అన్నానా, నువ్వూరుకోవే అని నా మీద పడేవాడు. సర్లే, ఆయన సంగతి మొదలెడితే తెల్లారిపోతుంది.

ఆవిడ తిండి మానేసింది. ఒక్కరోజులో కాదు. ఇవాళ ఆకలి లేదంటుంది, రేపు ముందే తినేశానంటుంది, మనం పనిలో పడి నమ్మేస్తాం. ఒళ్లు తగ్గేకొద్దీ తన బట్టలు తనే లోపలికి మడిచి బిగుతుగా కుట్టుకుంటూ పోయింది. తమాషా ఏంటంటే, అప్పుడు ఏడుపూ లేదు, దిగులూ లేదు, పని మాత్రం రాక్షసిలాగా చేసేది. చివరికి గుడ్డ కత్తిరించే బల్ల దగ్గరే కళ్లు తిరిగి పడిపోతే ఆస్పత్రిలో చేర్చాం. అక్కడ కొంచెం కొంచెంగా తిండి అలవాటు చేశారు. మొహంలోకి రక్తం వచ్చింది, ఇంటికి తెచ్చుకున్నాం, హమ్మయ్య అనుకున్నాం. అప్పుడు మొదలైందమ్మా అసలు గోల. కంచం ముందు కూర్చుంటే ముద్ద కలుపుతూనే ఉండేది. తిన్నాక గోడకేసి తిరిగి ఏడుపు. నేను డాక్టరమ్మని నిలదీశాను, తింటే బలం రావాలిగానీ ఈ ఏడుపేంటని. ఆవిడ ఓపిగ్గానే చెప్పింది. కొందరికి తిండి పడితే దిగులు దానంతటదే తగ్గుతుందిట. మా కత్తెరమ్మకేమో దిగులూ భయమూ ముందునుంచీ ఉన్నాయి, పస్తులుండి వాటిని నొక్కిపెట్టుకుంది, ఇప్పుడు తింటుంటే అవి పైకొస్తున్నాయి, తిండితో పాటు వాటికీ వైద్యం చెయ్యాలి, మానకుండా తీసుకురండి అంది.

మా ఆయన వింటే కదా! చెల్లెలు ఏడిస్తే చూడలేడు. బట్టలు బిగుతైనప్పుడే ఎక్కువ హడలిపోతోందని కనిపెట్టాడు. ఆవిడ నాతో ఆస్పత్రికి వెళ్లినప్పుడల్లా ఆవిడ బట్టల పక్క కుట్లు విప్పి, లోపల మడిచిన గుడ్డ వదిలి, కాస్త వదులు చేసి మళ్లీ కుట్టేసేవాడు. బట్టలు కుట్టేవాడికి ఇంకేం తోస్తుంది చెప్పు? నాకూ చెప్పలేదు మహానుభావుడు. పనిచేసింది కూడాను, కొన్నాళ్లు ఇంట్లో ఏడుపు తగ్గింది. ఓ రోజు ఆవిడ ఇస్త్రీ చేద్దామని తన గౌను తిరగేసింది. అన్నగారి చేతి కుట్టు ఆవిడకి తెలియదూ? బట్టలన్నీ తెచ్చి బల్లమీద తిరగేసి పరిచింది. అరవలేదు. "ఇన్నాళ్లూ బట్టలు వదులుగానే ఉన్నాయి కదాని తిన్నాను అన్నయ్యా. ఇప్పుడు దేన్ని నమ్ముకుని తినమంటావు?" అంది. ఆ పూటనుంచి తిండి ముట్టలేదు, ఆస్పత్రికీ రానంది.

మనిషి మనకి దక్కదనే అనుకున్నాను. మా ఆయన కొట్టు మూసేసి ఆవిడ ఎదురుగా కూలబడ్డాడు. నువ్వు భయపడుతుంటే చూడలేక చేశానే అని ఒకటే ఏడుపు. ఆవిడ, "చూడలేకపోతే ఎలా అన్నయ్యా? నాకు భయం వేస్తుంది. వేసినా తినాలి. నువ్వు పక్కన కూర్చో, చాలు" అంది. ఇక రోజూ మధ్యాహ్నం ఆవిడ అన్నం వేళకి కొట్టు మూతే. వచ్చినవాళ్లు తిట్టుకుంటే తిట్టుకోనీ అనేవాడు. ఆస్పత్రికీ మళ్లీ వచ్చింది, డాక్టరమ్మ మందులిచ్చింది, మాట్లాడించింది, మళ్లీ మాట్లాడించింది. ఒళ్లు కుదురుకున్నాక కూడా మనసు కుదురుకోవడానికి చాలాకాలం పట్టిందమ్మాయ్, అది మాత్రం గుర్తుపెట్టుకో.

ఎన్నో ఏళ్ల తర్వాత మా ఆయన పోయాడు. నాకు ఆయన పోయిన దుఃఖం ఒకెత్తు, ఈవిడ మళ్లీ పస్తులు మొదలెడుతుందన్న భయం ఒకెత్తు. చుట్టాలంతా ఆవిడ మొహంకేసే చూస్తున్నారు. ఆవిడే లేచి వెళ్లి కంచం పెట్టుకుంది. కళ్లనుంచి ధారలు కారుతున్నాయి, తుడుచుకోవట్లేదు, ముద్ద తర్వాత ముద్ద తింటోంది. మధ్యలో తలెత్తి నాకేసి చూసి, "ఏడుపొస్తోంది వదినా. తింటున్నాను" అంది.

సర్లే... ఆ కిటికీ వెయ్యి, దుమ్మొస్తోంది.