టైర్ల కొట్టుకి తాళం వేయించిందెవరు

కెంటకీ కొండల్లో ఒక చిన్న ఊరు. గురువారం మధ్యాహ్నం, విల్డా వంటిల్లు. బల్లకి అటు విల్డా. ఇటు, ఆమె కూతురు ట్యాన్సీ పాడే బ్యాండులో డ్రమ్స్ వాయించే ఎమెట్.

“…ముందు కూర్చో. నుంచుని తింటే ఒంటికి పట్టదు.”

“తినడానికి రాలేదు మిస్ విల్డా. ఒక మాట—”

“మాట ఎక్కడికీ పోదు. రొట్టె చల్లారిపోతుంది. బీన్స్ ఊదుకుని తిను. పోయినేడు మా చర్చిలో ఒకాయనకి గింజ గొంతుకడ్డం పడి పోయినంత పనైంది.”

“బీన్స్ గింజా?”

“ఇంత గింజ. నీళ్ళు పక్కన పెట్టుకో.”

“ట్యాన్సీ ఇంకా రాలేదు కదండీ?”

“రాలేదు. నిన్న సాయంత్రం వచ్చి, ఎమెట్ పేరు నా దగ్గర ఎత్తకమ్మా అని గదిలోకి పోయి తలుపేసుకుంది. గంటసేపు లోపల్నుంచి ఫిడేలు వినబడింది. ఫిడేలు వాయించేది కర్టిస్ కదా, ఇదెందుకు పట్టుకుందని తలుపు దగ్గర చెవి పెట్టాను. ఫిడేలు కాదు. ఏడుస్తోంది.”

“అదే మాట్లాడదామనే—”

“ఇంకో రొట్టె వేసుకో.”

“మొదటిదే ఇంకా అవలేదండీ.”

“నెమ్మదిగా కానీ. నేను తొందరపెట్టడం లేదు.”

“రేపటి కచేరీ అంటే తనకెంతో మీకు తెలుసు. ఒహాయో నుంచి ఆ పెద్ద బ్యాండు వాళ్ళు వస్తున్నారు. మన బ్యాండు, కుంటి కంచరగాడిదలు, నచ్చితే ఆగస్టు నెలంతా ఊరూరా తమ కచేరీకి ముందు పాడించుకుంటామన్నారు.”

“ఆ పేరొకటి. శుభమా అని ఒక మంచి పేరు పెట్టుకోకుండా, కంచరగాడిదలు, మళ్ళీ అవి కుంటివి.”

“పంక్ సంగీతం కదండీ. మంచి పేరు పెట్టుకుంటే ఎవరూ రారు.”

“పంకో ఏదో. సగం మా నాన్న పాడుకునే పాటలాగే ఉంటుంది, ఇంతలో బాంజో వాయించేవాడికి నిప్పంటుకున్నట్టు అరుపులు. నిప్పని ఎందుకన్నానంటే… ఏం లేదు. వెన్న రాసుకో.”

“ఒహాయో వాళ్ళు ఐదుగురూ మీ ముందుగదిలోనే పడుకుంటున్నారా?”

“ఎప్పుడూ ఇక్కడేగా. దుప్పట్లు ఎండలో వేశాను. గది తలుపుకి గంట కూడా కట్టాను. పోయినసారి వచ్చిన ఆ పొడుగువాడు నిద్రలో నడుస్తాడు.”

“నిద్రలో కాదండీ. సిగరెట్టుకి వెళ్ళాడు.”

“అయితే గంట ఉండనీ. అది ఇంకా ప్రమాదం.”

“ఫ్రిజ్ మీద ఈ కాగితం మా కచేరీలదే కదా. శుక్రవారం టైర్ల కొట్టు. శనివారం సంతలో, పందుల పరుగుపందెం అయ్యాక. ఆదివారం బట్టలుతికే కొట్టు ముందు. పక్కన పెన్సిలుతో రాసింది మీరా?”

“ఊరికే గుర్తుకి.”

“‘పంది కరిస్తే సూది వేయించాలి.’ ‘ఉతికే యంత్రం, తడి నేల, కరెంటు.’ శుక్రవారం పక్కన ఏదో రాసి చెరిపేసినట్టుంది.”

“చెరిపానా? చెరిపే ఉంటాను. టీలో ఐసు వేయనా?”

“టైర్ల కొట్టులో ఇరవై ఏళ్ళుగా బ్యాండులు వాయిస్తున్నాయండీ. ఫైర్ ఆఫీసు నుంచి ఒక్కడూ రాలేదు. సోమవారం ఎవరో ఫోన్ చేస్తే వచ్చి తాళం వేసిపోయారు. హాస్కెల్ పాపం ఆ మెట్ల మీదే కూర్చున్నాడు, సొంత కొట్టు ముందు.”

“ఎవరో ఏదో మంచికే చేసుంటారు.”

“మంచికా?”

“నేననడం లేదు. అనుకుంటే అంటున్నా. నూటయాభై మంది జనం, పోవడానికి ఒకే తలుపు. వెనకో తలుపుంది, ఉండి ఏం లాభం, దానికడ్డంగా ఐసు పెట్టె. దాని పక్కన పాత టైర్ల గుట్ట. గుట్ట మీద ఎవరో పెట్టిన కొవ్వొత్తులు.”

“మీరెప్పుడూ లోపలికి రాలేదు కదండీ.”

“రాలేదు.”

“కారులోనే కూర్చుంటారు.”

“కారులోనే. ఇంజిను ఆపకుండా. ఏదైనా జరిగితే.”

“మరి ఐసు పెట్టె సంగతి?”

“ట్యాన్సీ చెప్పింది.”

“ట్యాన్సీకి తెలీదండీ. ఆ పెట్టె హాస్కెల్ అక్కడ పెట్టింది ఆదివారం పొద్దున.”

“…చర్చి నుంచి వస్తూ కిటికీలోంచి చూశానేమో. కిటికీ ఉన్నది చూడ్డానికేగా.”

“అది పైన కదండీ ఉంది. నాకే అందదు.”

“బయట కూడా టైర్లున్నాయి కదా. ఎక్కాను. ఎక్కేటప్పుడు ఏం తెలీలేదు. దిగేటప్పుడు పోయిన మా ఆయన కనిపించాడు, ఇంకా రాలేదేంటే అన్నట్టు.”

“దెబ్బ తగిలిందా?”

“మోకాలు కొట్టుకుపోయింది. ట్యాన్సీకి చెప్పకు. బెంగపడుతుంది.”

“ఫైర్ ఆఫీసులో ఫోన్లు ఎత్తేది మా అత్త కూతురు డీనా. అందుకని అందరి కళ్ళూ నామీదే పడ్డాయి. మంగళవారం నుంచీ ఐదు బ్యాండుల వాళ్ళూ నాతో మాటలు మానేశారు.”

“ఐదింటిలోనూ నువ్వున్నావా?”

“ఐదింటిలోనూ. డ్రమ్స్ వాయించేది నేనొక్కణ్ణే కదా. బ్యాండు మారినప్పుడల్లా టోపీ మారుస్తాను.”

“మాటల్లేకుండా సాధన ఎలా చేస్తున్నారు?”

“కర్టిస్ అట్టముక్క మీద రాసి చూపిస్తాడు. ‘ఇంకా వేగంగా’ అని ఒక పక్క. తిప్పితే ‘ద్రోహి’ అని.”

“అయ్యో నాయనా.”

“ఒకోసారి తప్పు పక్క చూపిస్తాడండీ. అప్పుడు కూడా వేగం పెంచుతాను.”

“ఆ మాట నా మనసుకి… నాకు కాదు, ఎవరికైనా. వినేవాళ్ళకి బాధ కదా. కూర వేయనా ఇంకొంచెం?”

“డీనాని అడిగాను. చెప్పకూడదు గానీ నాకొక్కడికే చెప్పింది. ఆవిడ పేరు చెప్పలేదట.”

“ఆవిడా?”

“ఆవిడే. మొత్తం పద్నాలుగు ప్రమాదాలు వరసగా చదివిందట. పదకొండోది, ఆ డ్రమ్స్ వాయించే కుర్రాడు చెమటతో నిలువునా తడిసి కరెంటు తీగల పక్కనే కూర్చుంటాడు, వాడికి తల్లి లేదు, చెప్పేవాళ్ళు లేరు, మీరైనా పట్టించుకోండి అని.”

“ఎవరో పెద్దమనిషిలా ఉంది.”

“పెట్టేసే ముందు డీనాతో అందట. నీ గొంతు బొంగురుపోయింది తల్లీ, ఉప్పునీళ్ళు పుక్కిలించు, అశ్రద్ధ చేస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది అని.”

“…తగ్గిందా?”

“ఏంటండీ?”

“డీనాకి. గొంతు.”

“తగ్గిందండీ.”

“ఎమెట్.”

“అండీ.”

“ఆ కుర్చీ ఇలా జరుపు. నేను కూర్చోవాలి. నేనే నాయనా.”

“తెలుసండీ.”

“తెలిసే ఇంతసేపూ బీన్స్ తింటూ కూర్చున్నావా.”

“బాగున్నాయండీ.”

“ట్యాన్సీకి చెబుదామనే అనుకుంటున్నా సోమవారం నుంచీ. అది రొట్టె కోసుకుంటుంటే చెబుదామనుకున్నాను, చేతిలో కత్తి ఉంది. స్నానానికి పోతుంటే చెబుదామనుకున్నాను, జారిపడుతుందని ఆగాను. కారు తోలుతుంటే అసలు చెప్పకూడదు కదా. తాళం వేస్తారని నేననుకోలేదు ఎమెట్. వచ్చి ఆ ఐసు పెట్టె జరిపిస్తారనుకున్నాను, అంతే.”

“అంతేనాండీ?”

“…అంతే కాదు. ఆగస్టు నెలంతా మీ బ్యాండు ఆ వ్యానులో తిరగాలి. దాని పక్క తలుపు తాడుతో కట్టి ఉంది. కట్టింది నా కూతురే.”

“గట్టిగానే కట్టిందండీ.”

“గట్టిగా కడితే తీయడం ఎలా? వ్యాను ఏట్లో పడిందనుకో. పడదు, నాకు తెలుసు. కానీ పడిందనుకో. అయినా అది పాడుతుంటే నేను కారులోంచి వింటాను. అద్దాలు కొంచెం దించి. చలి తగలనంత. బాగా పాడుతుంది కదా?”

“బాగా పాడుతుందండీ. ఒహాయో వాళ్ళు అందుకే వస్తున్నారు.”

“నువ్వూ అదీ ఏడేళ్ళప్పుడు ఈ వంటింట్లోనే నా గిన్నెలన్నీ బోర్లించి వాయించారు. పదిహేనేళ్ళయింది. నా భయం మూలంగా అది నీ మొహం చూడకపోతే నాకిక ముద్ద దిగదు. ఇవాళ అది గుమ్మంలోకి రాగానే చెప్పేస్తాను. చేతిలో ఏమున్నా సరే.”

“వద్దండీ. అది చెప్పడానికే వచ్చాను. చెప్పకండి.”

“చెప్పకపోతే ఎలా? నీ మీద అనుమానం—”

“అనుమానం కాదండీ ఇప్పుడు. నిన్న మధ్యాహ్నం ఐదు బ్యాండుల వాళ్ళ ముందూ నేనే చేశానని ఒప్పేసుకున్నాను.”

“నువ్వా? ఎందుకు నాయనా?”

“ట్యాన్సీ అంతకుముందే అందరి ముందూ అంది. ఎవరు చేశారో తెలిసిన రోజున, సొంతవాళ్ళైనా సరే, జన్మలో మొహం చూడనని. లెక్సింగ్టన్‌లో కర్టిస్ అక్క ఇంట్లో గది ఖాళీగా ఉంది, ఎటూ వెళ్ళిపోదామనుకుంటున్నా అని కూడా అంది. అప్పటికే డీనా నాకు చెప్పింది. అప్పుడాలోచించాను.”

“ఏమని?”

“చుట్టుపక్కల మూడు జిల్లాల్లో డ్రమ్మర్ నేనొక్కణ్ణి. నన్నెన్నాళ్ళు వెలేస్తారండీ? రేపు సాయంత్రం దాకా. మహా అయితే శనివారం పందులు పరిగెత్తేదాకా. డ్రమ్మర్ లేకపోతే బ్యాండు నడవదు. అమ్మ లేకపోయినా బ్యాండు నడుస్తుంది. ఇల్లు నడవదు. అది నాకు తెలుసు కదండీ.”

“రొట్టె… ఇంకో రొట్టె వేసుకో నాయనా.”

“ఏడవకండి మిస్ విల్డా.”

“ఏడవడం లేదు. ఉల్లిపాయ.”

“ఉల్లిపాయ ఎక్కడుందండీ?”

“కోస్తాను. తర్వాత కోస్తాను. నువ్విలాంటివాడివని తెలిస్తే, ఆ పదకొండోదాన్ని మొదట చదివేదాన్ని.”

“ఒక్క సాయం చేయండి. సాయంత్రం కర్టిస్ మళ్ళీ అడుగుతాడు, ఫోన్లో ఏమేం చెప్పావని. డీనా నాకు ఐదారే చెప్పింది. మిగతావి చెబితే కంఠతా పట్టుకుంటాను.”

“నాలుగోది, మరుగుదొడ్డి గడియ పడితే రాదు. ఏడోది, నేల మీద మేకులు. తొమ్మిదోది గబ్బిలం.”

“గబ్బిలమా? గబ్బిలానికి ఫైర్ ఆఫీసేం చేస్తుందండీ?”

“నిచ్చెన ఉంటుందిగా వాళ్ళ దగ్గర. పన్నెండోది, హాస్కెల్ దగ్గుతున్నాడు.”

“సరే. గడియ, మేకులు, గబ్బిలం, దగ్గు. నేనిది ఎందుకు చెప్పానంటే ఏమనాలి?”

“బెంగతో అను.”

“నేను బెంగపడతానంటే నమ్మరండీ. వాన కురుస్తున్నప్పుడు వ్యాను పైకెక్కి పడుకున్నవాణ్ణి.”

“ఎప్పుడు? ఏ వాన?”

“ఎప్పుడూ కాదండీ. పోనివ్వండి. రేపటి కచేరీకి వేరే చోటు దొరికింది, అదే పదివేలు. పర్విస్ తాత తన పొగాకు కొట్టం ఇచ్చాడు. టైర్ల కొట్టు కన్నా పెద్దది. పాట మోగుతుంది కూడా. ట్యాన్సీ పొద్దున అక్కడ గొంతెత్తి చూసుకుంది. సోమవారం తర్వాత మొదటిసారి నవ్వింది.”

“నవ్విందా?”

“నవ్విందండీ. నాకేసి చూసి కాదు. కానీ నవ్వింది.”

“ఆ కొట్టం సంగతి నిన్న అది ఫోన్లో అంటుంటే విన్నాను. చెక్క గోడలు. ఎండుగడ్డి. ఒకటే తలుపు.”

“రెండండీ. వెనక ఇంకోటుంది, ట్రాక్టరు పోయేంత. రెండూ బార్లా తీసే ఉంచుతాం.”

“రెండా?”

“రెండు.”

“రోడ్డు మీంచి చూస్తే ఒకటే కనిపిస్తుంది కదా.”

“వెనకది రోడ్డుకి కనబడదండీ. గడ్డి కూడా ఒక్క పరక లేకుండా తీసేశాం. మీరు నిశ్చింతగా ఉండండి. ఈసారైతే లోపలికే రండి, తలుపు పక్కన కుర్చీ వేయిస్తాను.”

“ఎమెట్.”

“అండీ.”

“ఇవాళ పొద్దున పదింటికి నువ్వెక్కడున్నావు?”

“ఆ కొట్టంలోనేనండీ. గడ్డి మోపులన్నీ శిక్షగా నాచేతే మోయించారు, ఐదు బ్యాండుల వాళ్ళూ చుట్టూ నుంచుని. మళ్ళీ ఎవరికైనా చేస్తానేమోనని ఫోన్ కూడా లాక్కుని ట్యాన్సీ తన జేబులోనే పెట్టుకుంది. ఎందుకండీ?”

“అయితే ఫైర్ ఆఫీసుకి వెళ్ళిన ఈ రెండో ఫోన్ నువ్వు చేశానంటే ఎవరూ నమ్మరు నాయనా.”