పాలు పొంగేలోగా ఆరు కిలోమీటర్లు

"పిల్లలు పుట్టాక ఒంటికి నాలుగడుగులు నడక కూడా కుదరదంటారే, అదంతా వట్టి సాకు," అన్నాడు టైలరు, టీ గ్లాసు ఊదుకుంటూ.

ఆయన్ని మేమంతా కత్తెర అంటాం. షాపులో బట్ట కోసినా కోతే, టీ కొట్టు దగ్గర నోరు విప్పినా కోతే. ఆ సాయంత్రం బల్ల మీద నేనూ, స్కూలు వ్యాను డ్రైవరూ ఉన్నాం. ఓ చివర లిఫ్టులు బాగుచేసే మేస్త్రి. ఆయన షెడ్డు ఆ పక్కనే.

"మా ఆవిడ నర్సు కదా, పొద్దున ఐదింటికే డ్యూటీకెళ్లిపోతుంది. నాలుగేళ్ల పాప, ఎనిమిది నెలల బాబు, ఇద్దరూ నా మెడకే. అయితే ఏంటి? మొన్నోరోజు బాబుని తువ్వాలుతో గుండెకి కట్టుకుని, పాప వేలు పట్టుకుని వీధి చివరిదాకా పరుగు తీశా."

"అంతేనా?" అన్నాడు డ్రైవరు.

"అంతేనా ఏంటన్నా, విను. మర్నాడు పాప నడవనంది. భుజాలకెక్కించుకున్నా. స్టవ్ మీద పాలు పెట్టి బయల్దేరి బస్టాండు దాకా పోయొచ్చా. రానూపోనూ ఆరు కిలోమీటర్లు. వచ్చేసరికి పాలింకా పొంగలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తిరిగి చూస్తే నా నీడ లేదు. ఆయాసమొచ్చి బస్టాండులోనే కూలబడిపోయింది. పదిన్నర బస్సుకొచ్చింది పాపం."

"టికెట్టు తీసిందా?" అంది టీ కొట్టు అక్క.

"అర టికెట్టు. ఎండెక్కాక నీడ సగమేగా ఉండేది! అదలా ఉంచు. బుధవారం రైలు పట్టాల పక్కన పరిగెడుతుంటే బాబు పాలసీసా విసిరాడు, పోయి రైలు కిటికీలో పడింది. వదుల్తానా? పక్కనే పరిగెత్తి సీసా అందుకున్నా, పాలు పట్టా, గుడ్డ మార్చా. ఈలోగా మూడు స్టేషన్లు దాటాం. రైలు డ్రైవరు తల బయటపెట్టి, అయ్యా, కాస్త మెల్లగా వెళ్లండి, మా పరువు పోతోంది అన్నాడు."

వ్యాను డ్రైవరుకి టీ పొలమారింది.

"గురువారం ఇంకా విచిత్రం. మా అపార్ట్‌మెంటు లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల ఎనిమిది మంది. చంకలో బాబు, వీపున పాప. ఒక్క చేత్తో తాడు పట్టి లిఫ్టుని ఐదో అంతస్తుకి లాగేశా."

"గురువారం ఆ లిఫ్టులో ఎవరూ లేరు తమ్ముడూ," అన్నాడు మేస్త్రి. "ఆ సాయంత్రం దాన్ని బాగుచేసింది నేనే."

కత్తెర నవ్వబోయాడు.

"నువ్వు మూడో అంతస్తు మెట్ల మీద గోడకి ఆనుకుని పడున్నావు. కళ్లు మూతలు పడ్డాయి, అందుకే నన్ను చూడలేదు. బాబు నీ ఒళ్లో గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మొహాన నీళ్లు చల్లి, నువ్వు కదిలాక వాచ్‌మన్‌కి అప్పజెప్పి వచ్చా."

"నన్ను చూసింది వాచ్‌మనే అనుకున్నా," అన్నాడు కత్తెర. "నీకెవరు చెప్పారు?"

"మీ పాప. షెడ్డులోకొచ్చి నా చొక్కా పట్టుకుంది. నాన్న లేవట్లేదు అంది."

అక్క చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. షెడ్డు రోడ్డుకి ఇవతల. అపార్ట్‌మెంటు అవతల. మధ్యలో లారీలు.

"ఒక్కతే దాటిందా?" అన్నాడు కత్తెర.

"ఒక్కతే. చెప్పుల్లేకుండా."

కత్తెర రోడ్డు వైపు చూశాడు.

"మూడంతస్తులకే కళ్లు తిరిగాయన్నా," అన్నాడు. "మా ఆవిడకి చెప్పలేదు. తను వచ్చేదాకా పిల్లలు, వచ్చాక మిషను. పాప పుట్టాక ఒక్కరోజూ పరిగెత్తలేదు. వాళ్లనెవరి దగ్గర వదిలి పోను?"

"మా అమ్మ ఉంది. పొద్దున అరగంట చూసుకుంటుంది," అన్నాడు మేస్త్రి. "ముందు మీ ఆవిడకి చెప్పు. డాక్టరు సరేనంటే నేనూ నీతో నడుస్తా."

కత్తెర తలూపి, గ్లాసు పెట్టి, ఇంటికని లేచాడు. రోడ్డంచుకెళ్లి నిలబడ్డాడు. ఒక లారీ పోయింది, బస్సు పోయింది, తర్వాత రోడ్డు ఖాళీ అయింది. అయినా కాలు కదపలేదు. మేస్త్రి వెళ్లి చెయ్యి పట్టుకున్నాకే దాటాడు.