మరిడమ్మ నీడ పెరడు

మరిడమ్మ మొగుడు పోయిన ఏడాదే ఆ పెరడు ఆవిడ నెత్తిన పడిందంట. బావగారు సూరన్న, మొగుడికి అన్నన్నమాట, ఎండ తగిలే చెక్కంతా తనుంచుకుని ఇంటెనకాల చెక్క ఆవిడకి పడేశాడు. ఎట్టాంటి చెక్కనుకున్నారు? ఇటు కొండ, అటు వరసగా పనసచెట్లు. మిట్టమజ్జానం కూడా నేల మీద ఎండ పడదు. మట్టేమో బంకమట్టి, ఎప్పుడూ చెమ్మే, కాలేస్తే పిక్కదాకా దిగిపోద్ది. ఊరి పెద్దల ముందరే అన్నాడంట, "మరిడమ్మా, రెండేళ్ళు చూస్తాను. ఆ చెక్క మీద నీ కూడు నువ్వు తిన్నావా, ఇంట్లో సగం నీది. తినలేదా, పుట్టింటికెళ్ళిపో" అని. పుట్టింట్లో ఎవరున్నారు? ఎవరూ లేరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఏమైందంటే, అందరూ ఏసేవే ఆవిడా ఏసింది. వంగ, బెండ, మిరప. వంగనారు వారంలో కుళ్ళిపోయింది. బెండ ఎండ కోసం సాగి సాగి, పుల్లలాగా అయిపోయి పడిపోయింది. మిరప పూతే పట్టలేదు. ఏడ్చింది అనుకో, ఎంతసేపని ఏడుస్తది? లేచి కొండవాగు ఎంబడి నడిచింది. అక్కడ చెట్ల కింద, అచ్చం తన పెరట్లో ఉన్నంత నీడలోనే, చేటలంతేసి ఆకులతో చేమ నిలబడుందంట! దాన్నే చూస్తా నిలబడిపోయింది. ఆకులేరుకుంటున్న కొండ ముసలమ్మ ఒకావిడ అది చూసి ఏంటమ్మా సంగతని అడిగితే, ఈవిడ ఉన్నదంతా చెప్పింది. "ఎండ మొక్కల్ని తీసుకెళ్ళి నీడలో పెడితే ఎట్టా బతుకుతాయే? చేమ పెట్టు, దానికి తడే కావాలి. పనసమానుకి తమలపాకు తీగ పాకించు, దానికి ఎండ గిట్టదు. పసుపు కూడా వస్తది, కాకపోతే మట్టి ఎత్తుగా ఎగదోసి పెట్టు, నీళ్ళు నిలిస్తే దుంప కుళ్ళుద్ది" అని చెప్పి, నాలుగు చేమదుంపలు, గుప్పెడు పసుపుకొమ్ములు, రెండు తమలపాకు తీగ ముక్కలు ఒళ్ళో పోసిందంట.

ఇక చూడండి. ఎడ్లు లేవు, నాగలి లేదు, పారతోనే తవ్వింది. తవ్వింది, పెట్టింది, పాకించింది. రెండో ఏడు వానలు మొహం చాటేశాయి. సూరన్న చెక్క నెర్రెలిచ్చింది, చుట్టుపక్కల తమలపాకు తోటలన్నీ మాడిపోయాయి. మరిడమ్మ పెరడు మాత్రం పచ్చగా, చల్లగా, లోపలికెళితే మనిషి కనపడనంత ఎత్తున! సరిగ్గా అప్పుడే సూరన్న కూతురి పెళ్ళి. పది ఊళ్ళు తిరిగినా తాంబూలంలోకి ఆకు దొరకలేదంట.

వచ్చాడు. దడి అవతల నిలబడ్డాడు. "ఆకులు కావాలి మరిడమ్మా, వెయ్యి" అన్నాడు. ఈవిడ పార పక్కన పెట్టి దడి దగ్గరికొచ్చింది. "పిల్ల నాకూ పిల్లే బావగారూ, వెయ్యి కాదు, రెండువేలు కోసుకోండి. అయితే ఆ పెద్దల్ని పిలవండి. నేను నా కూడు తిన్నానో లేదో ఆళ్ళని చూడమనండి, ఇంట్లో సగం ఎవరిదో మీ నోటితో చెప్పండి" అంది. పెద్దలొచ్చారు, పెరడంతా తిరిగారు. సూరన్న తల దించుకుని, "మరిడమ్మదే" అన్నాడు. ఇనపడలేదన్నారంట ఎనకాలోళ్ళు. మళ్ళీ చెప్పాడు, గట్టిగా.

పెళ్ళిలో చేమదుంపల పులుసు కూడా ఆ పెరట్లోదే. సూరన్న మూడుసార్లు ఏయించుకున్నాడంట. నేను చూళ్ళేదు, మా మేనత్త వడ్డించింది. ఆవిడ అబద్ధం చెప్పదు. కొంచెం ఎక్కువ చెప్పుద్ది, అంతే.