ఏట్లో పడినా కరగని కోడి ఉండ

ఎల్లాజీ కథ మొదలెట్టాడంటే త్రినాథ్ టీ బడ్డీలో పాలు పొంగిపోయినా చూసే నాథుడుండడు. ఆ సంగతి తెలిసే కూర్మమ్మ ఎప్పుడూ అక్కడ ఆగదు. కానీ ఆ మధ్యాహ్నం ఆగింది. చేతిసంచిలో కోడి కైమా ఉంది, దాని కింద లేత ఆనపకాయ, బీరకాయలు, పుల్లటి మామిడికాయ. ఎండకి కైమా ఎక్కడ పాడవుతుందోనని గబగబా నడుస్తున్న మనిషి, "కోడి ఉండలు" అన్న మాట చెవిన పడగానే కాళ్ళకి బంధం వేసినట్టు నిలబడిపోయింది.

రాత్రికి గరివిడి నుంచి కూతురు రాజకుమారి, అల్లుడు, పిల్లలు భోజనానికి వస్తున్నారు. అమ్మ చేతి కోడి ఉండల పులుసు తినాలని కూతురు ఫోనులో మరీ మరీ చెప్పింది. ఆ పులుసు కూర్మమ్మ ఎన్నోసార్లు చేసింది. కానీ మొన్న ఆదివారం చేస్తే ఉండలన్నీ పులుసులో విడిపోయి గిన్నె నిండా గంజి మిగిలింది. కోడలు తులసి పల్లెత్తు మాట అనలేదు. మొగుడి వంక ఒక్క చూపు చూసింది, అంతే. పొయ్యి ఆర్పడం మరిచిపోయిన రోజు కూడా తులసి అలాగే చూసింది. ఈ పొద్దున "శ్రీకాకుళం నుంచి బిర్యానీ తెప్పిస్తాం గానీ మీరు కూకోండత్తా" అంది. మంచిగానే అంది. ఆ కూకోమన్న మాటే కూర్మమ్మకి ముల్లులా దిగింది. "నానే సేస్తాను" అనేసింది.

అనడమైతే అంది. ఉండ విడిపోకుండా కైమాలో ఏదో కలిపేది. ఏం కలిపేది? గుడ్డు కాదు, శనగపిండి కాదు. నాలిక చివరి దాకా వచ్చి జారిపోతోంది. ఎవరినైనా అడిగితే మరిచిపోయిందని ఊరంతా తెలుస్తుంది. అందుకే సంచి బల్ల కింద నీడలో పెట్టి, "ఒక టీ ఎయ్యిరా త్రినాథూ" అని కూర్చుంది.

"నాను గొప్పలు సెప్పుకునే మనిషిని కాను, మీకు తెలుసు," అంటున్నాడు ఎల్లాజీ. కూర్మమ్మకి వరసకి తమ్ముడు, అక్కని అప్పా అంటాడు.

"తెలుసు మావా. పాపం, అదొక్కటే నీకు రాదు," అన్నాడు ఆటో రమేష్‌బాబు.

"అలగని ఉన్నమాట దాసుకోకూడదు కదా. రెండేళ్ళ కిందట ఇలాటి ఎండల్లోనే మా మేనల్లుడు ఉమాశంకర్ ఇంటికి గరివిడి ఎల్లినాను. సూస్తే ఆడి పెళ్ళానికి జొరం. ఇంటిల్లిపాదికీ రాత్రి కూడు ఎవులు వండాల? ఐదుగురు మనుసులు, ఒక కోడి, ఒక ఆనపకాయ. లుంగీ ఎగ్గట్టి దిగినాను. ఆ తరవాతేటైనాదో తెలుసేటి?"

"కైమా నువ్వే కొట్టినావేట్రా?" అడిగింది కూర్మమ్మ.

"మరెవులు కొడతారప్పా? కత్తిపీట ఇరిగిపోనాది. ఎందుకంటావా, ఆ కోడి అలాటిది. కోడంటే కోడేటి, ఏనుగు గున్న. అది పొద్దున్న లేసి కూస్తే విజయనగరం స్టేషన్లో గార్డు తన బండే కూసిందనుకుని జెండా ఊపీసినాడు. ఉత్త బండి ఎల్లిపోనాది, జనమంతా ప్లాట్‌ఫారం మీదే ఉండిపోనారు. పేపర్లో కూడా పడ్డాది, మీరు సదవరు గాని."

"ఆనపకాయో?" అన్నాడు త్రినాథ్, టీ వడబోస్తూ.

"అక్కడికే వస్తన్నాను. పాదేమో ఇంటెనకాల మొలిసినాది, కాయేమో రోడ్డుకవతల పండుకుని ఉన్నాది. పంచాయతీవోలొచ్చి ఆక్రమణని దాని మీద నోటీసు అంటించినారు. ఆ నోటీసు పీకీసి కాయ కోరినాను. ఉప్పు జల్లి, మన పెద్ద వలలో మూటగట్టి, ఇటో జట్టు, అటో జట్టు నిలబడి, సేపలు లాగినట్టు లాగి పిండినాం. ఆ నీళ్ళు కాలవలో పడి ఏరులాగ పోతంటే, నడి ఎండాకాలంలో మళ్ళన్నీ తడిసిపోయి, రైతులు వానొచ్చిందనుకుని నాగళ్ళు కట్టీసినారు!"

రమేష్‌బాబు బల్ల చరిచి నవ్వాడు. కూర్మమ్మ నవ్వలేదు. "బీరకాయ కూడా పిండినావా?" అంది.

"బీరకాయెందుకు పిండుతారప్పా? అది ముక్కలు కోసి, మావిడికాయ పులుపుతోటి పులుసులో పడతాది. ఉండల్లోకి ఆనపకాయ ఒక్కటే."

కూర్మమ్మ టీ గ్లాసు నోటి దాకా వచ్చి ఆగింది. ఆ మాట నిజం. కోళ్ళతో రైళ్ళు నడిపించేవాడికి ఇంత సరైన మాట ఎక్కడ దొరికింది? అయితే వీడికి ఏదో తెలుసు.

"బాగున్నాది. మరి ఉండ విడకుండా ఏటి కలిపినావు?"

"అది సెప్తే ఇంకేటి మిగుల్తాది? ముందిది ఇనండి. వాసనకి జనం గుమిగూడిపోనారు. ఐదుగురికి పెట్టిన ఎసరు ఊరికి సాలాల. అన్ని ఉండలు ఎవులు సుడతారని ఒకే ఒక్క ఉండ సుట్టినాను. ఇంట్లో పొయ్యి మీద పట్టదు. ఫేక్టరీ కాడికెల్లి, బాబూ మీ కొలిమి ఒక్క పూట ఇప్పించండని అడిగినాను. ఇనుము కరిగే కొలిమిలో ఏసి తీస్తే, కింద బాండీ కరిగిపోనాది గాని మన ఉండకి కూసింత ఎరుపు తిరిగినాది, అంతే!"

"అందులోనూ కరగలేదా?" అంది కూర్మమ్మ ముందుకు వంగి.

"కరుగుతాదేటి! క్రేను పెట్టి ఎత్తినారు. గొలుసు తెగిపోనాది. ఆ తరవాతేటైనాదో తెలుసేటి? దొర్లినాది. చీపురుపల్లి దాటినాది. ఎచ్చెర్ల కాడికొచ్చేసరికి యూనివర్సిటీ పిల్లలంతా పరీచ్చలు మానేసి రోడ్డు మీదకొచ్చీసినారు. దాని మీద ఇప్పుడికీ నలుగురు పీహెచ్‌డీలు సేస్తన్నారు, ఎల్లి కనుక్కోండి."

"మధ్యలో ఎత్తులున్నాయి కదా మావా. ఉండ పైకి దొర్లుతాదేటి? నా ఆటోయే ఎక్కదు."

"నీ ఆటో నాను సుట్టింది కాదు కదరా!"

త్రినాథ్ పొంగుతున్న పాలను చూడకుండానే మంట తగ్గించాడు.

"దొర్లి దొర్లి శ్రీముకలింగం సేరినాది. గుడికాడ పడకూడదని దానికీ తెలుసు. దిగువకెల్లి వంశధారలో దబ్బున పడ్డాది. ఏరంతా పులుసైపోనాది. రెండు గట్లనా జనం అన్నాలు ఒడ్డించుకుని కూకున్నారు. పిల్లలకి కారం తగల్తాదని కొందరు ఎగువ నీళ్ళు కలుపుకున్నారు. తెల్లారి ఎల్లి సూస్తే ఏటున్నాది? ఏరు ఇంకిపోనాది గాని ఉండ ఉన్నది ఉన్నట్టే ఉన్నాది. సెక్కు సెదరలేదు!"

"ఒరే ఎల్లాజీ," అని లేచి నిలబడింది కూర్మమ్మ. "ఏట్లో నానినా ఇడిపోలేదంటన్నావు. నీ కోడి సంగతి నాకొద్దు, నీ కొలిమి సంగతి నాకొద్దు. ఏటి కలిపినావో సెప్పు. సెప్పకపోతే అదంతా కోతేనని ఇక్కడే అంటాను."

ఎల్లాజీ చుట్టూ చూశాడు. వినేవాళ్ళందరూ ఎదురు చూస్తున్నారు. ఇంత కథ నిలబెట్టుకోవాలంటే జవాబు ఇవ్వక తప్పదు. గ్లాసు పక్కన పెట్టాడు. విచిత్రమేమిటంటే, అంతవరకూ గాలిలో తిరుగుతున్న అతని చేతులు ఒళ్ళో ఏదో పళ్ళెం ఉన్నట్టు దగ్గరికొచ్చాయి. గొంతు కూడా తగ్గింది.

"సోడిపిండప్పా. ఆనపకాయ పిండిన నీళ్ళు పారబొయ్యకూడదు. ఆ నీళ్ళల్లోనే సోడిపిండి కలిపి గెరిటి నిలబడేదాకా జావ కాయాల. బాగా సల్లారనియ్యాల, ఏడి మీద కలిపితే కైమా ఉడికిపోతాది. సల్లారినాక ఆ ముద్ద కైమాలో ఏసి, ఇదిగో, ఇలగ, ఇలగ మెదపాల..."

మెదుపుతున్నది ఎడమ చెయ్యి.

"ఛీ!" అన్నాడు త్రినాథ్. "ఎడం సేత్తో కలిపిన కూడేటి మావా, ఎవులైనా తింటారేటి?"

"అది సరే, ఆ నీళ్ళు మళ్ళల్లోకి పోనాయన్నావు కదా! రైతులు నాగళ్ళు కట్టినారన్నావు. మళ్ళీ జావలోకి ఎలాగొచ్చినాయి?" అని అందుకున్నాడు రమేష్‌బాబు.

"అంటే... ఆ నీళ్ళు..." అని నసిగాడు ఎల్లాజీ. కుడి చేత్తో ఎడమ చేతిని కప్పుకున్నాడు. అతను మాట తడుముకోవడం వాళ్ళెవరూ ఎప్పుడూ చూడలేదు.

కూర్మమ్మ ఆ చేతినే చూస్తోంది. ముందు గుర్తొచ్చింది మాట కాదు, నొప్పి. బొటనవేలి మొదట్లో జెల్ల ముల్లు దిగిన సలపరం. చేప కోస్తుంటే గుచ్చుకుని, కుడి చెయ్యి అరటిపువ్వులా వాచిపోయింది. పసుపూ సున్నమూ పూసి గుడ్డ చుట్టుకుంది. ఆ రాత్రే రాజకుమారి అత్తింటివారు మొదటిసారి భోజనానికి వస్తున్నారు. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని, "నాను కోరతానుండప్పా" అంటూ ఆనపకాయ కోరుతున్నది ఎవరు? పొయ్యి మీద కుతకుతమంటున్న ఆ నల్లటి రాగిజావ ఎవరిది?

"ఒరే," అంది నెమ్మదిగా. "ఆ సెయ్యి నాది కదరా."

ఎల్లాజీ ఆ ఎడమ చేతిని బల్ల కిందికి లాక్కున్నాడు.

"నీకు జొరమొచ్చిన కోడలూ లేదు, గరివిడీ లేదు. మా ఇంట్లో పొయ్యికాడ కూకుని సూసినావు. నా కుడిసేతికి జెల్ల ముల్లు గుచ్చుకున్నాది. సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని ఎడం సేత్తో కలిపినాను. రాజకుమారి అత్తారికి తెలిస్తే ఇస్తరాకు ముందర్నుంచి లేసిపోతారని, ఎవులితోనైనా అంటే నీ నాలిక తెగ్గోస్తానన్నాను. అవునా కాదా?"

త్రినాథ్ గరిటె కింద పడేశాడు. "అమ్మో! ఆ రోజు బంతిలో నానూ ఉన్నాను. రెండోసారి అడిగి మరీ ఏయించుకున్నాను!"

"బతికే ఉన్నావు కదా, ఊరుకో," అంది కూర్మమ్మ.

రమేష్‌బాబు కడుపు పట్టుకున్నాడు. "అయితే మావా, ఉండ సుట్టడం కూడా నీకు రాదన్నమాట!"

ఎల్లాజీ మొహం చిన్నబోయింది. అయినా తల కొంచెం ఎత్తి, "నీ పేరు సెప్పొద్దన్నావు కదప్పా," అన్నాడు. "సెప్పలేదు. ఇన్నేళ్ళూ నాదనే సెప్పుకున్నాను."

కూర్మమ్మకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తన బుర్రలో లేనిది ఈ కోతలరాయుడి చేతుల్లో ఇన్నాళ్ళూ చెక్కు చెదరకుండా ఉంది. ఇంకెన్నిటిని ఎవరెవరి దగ్గర పెట్టి మరిచిపోయిందో!

వంగి బల్ల కింది నుంచి సంచి తీసుకుంది.

"కోడి నీదే ఉంచుకో. కొలిమీ నీదే, ఏరూ నీదే. ఎల్లి రైలు నడుపుకో. జావ మట్టుకు నాది. పట్టుకెల్లిపోతన్నాను."

"కూకో అప్పా, అయిపోలేదు!" ఎల్లాజీకి మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. "ఇంకిపోయిన ఏట్లో ఆ ఉండ ఒక్కటీ మిగిలినాది కదా, ఆ తరవాతేటైనాదో తెలుసేటి? కలక్టరు గారు..."

"నోరుముయ్యిరా!" కూర్మమ్మ అప్పటికే రోడ్డెక్కేసింది. ఒక చేత్తో సంచి, రెండో చెయ్యి చెవి మీద. "ఇంకొక్క మాట సెప్పినావంటే ఇది మర్సిపోతాను!"