సాంచెకాడ నిలవడ్డ హెడ్మాస్టర్

కూసో బిడ్డా, జర ఇటుదిక్కు కూసో, నాకు ఎడమ చెవు ఇనవడది. బిడ్డా అనాల్నా, మేడం అనాల్నా సమజైతలేదు. హెడ్మాస్టర్ కుర్సీల కూసున్నదానివి, మేడమే అనాలె. కని నువ్వు మా కొడుకు శ్రీహరికన్న శిన్నదానివి, నోటికి బిడ్డా అనే అస్తది, ఏమనుకోకు. ఏందన్నవు? లక్ష్మీరాజం సారా? ఓ, ఆయన ముచ్చట అడగనీకి ఇంత దూరం అచ్చినవా. సరే. కని ముందుగాల ఒకటి చెప్త ఇను. మీ బడిల తొమ్మిదో తరగతి పిల్ల, రాధ, గా పిల్ల సంగతి మా గల్లీల అందరికి ఎర్కే. పాఠం చెప్పే సారు అడుగుతుండంగనే జవాబియ్యకుంట క్లాసులకెళ్ళి లేచి పోయిందట. ఒకపారి గాదు, మల్లమల్ల పోయిందట. టీచర్లందరు ఒక్కటై టీసీ ఇచ్చి పంపుమంటున్నరట, రేపు పొద్దున నువ్వు సంతకం పెట్టాల్నట. నేను పెట్టు అన, పెట్టొద్దు అన. అది నా పని గాదు. నేను ఐదో తరగతి దాక సదువుకున్నోన్ని, బతుకంత కరెంటు సాంచెలు నడిపి బట్ట నేసినోన్ని. నువ్వు ఆయన ముచ్చట అడిగినవు, ఆయన ముచ్చటే చెప్త.

ఆయన మన సిరిసిల్లాయన గాదు. జగిత్యాల అవుతల మల్లాపూర్. గౌండ్లోల్లు, తండ్రి తాళ్ళెక్కి కల్లు గీసిండు. ఇంట్ల ఈయన ఒక్కడే సదువుకున్నడు. కోరుట్లల శానేండ్లు సారుగ చేసి, ప్రమోషన్ మీద మన బడికి హెడ్మాస్టరై అచ్చిండు. అప్పుడు బడి ఎట్లుండె అనుకున్నవు? ఇప్పుడు నీకు రంగులేసిన గోడలున్నయి, గేటున్నది. అప్పుడు గోడ సగమే. గంట కొట్టినంక సార్లు ఒక్కలెనుక ఒక్కలు అస్తుండ్రి, చేతుల పేపరు, నోట్ల పాన్. పిల్లలు కొంతమంది గా సగం గోడ దునికి సినిమాకు పోదురు. ఉన్నోల్లను కట్టెతోని కొట్టుడు. బడి అంటే కొట్టేటోల్లు, దునికేటోల్లు, గంతే. ఈయన అచ్చిండు. తెల్లంగి, చేతిల గొడుగు. శిన్న మనిషి, కని నవ్వడు. పొద్దుగాల్నే అచ్చి గేటుకాడ నిలవడుడు, అచ్చినోని మొకం జూసుడు. ఎవ్వలను ఏమనకపోవు. ఊకె మొకం జూస్తె శాలదా బిడ్డా, సార్లకు పాన్ మింగుడు వడలే. ఇంకోటి సూడు, శనివారం ఇంటికి పోయి సోమారం అస్తుండె. ఒక సోమారం కోరుట్ల బస్సు తొవ్వల ఖరాబైంది. ఆయన అచ్చేసరికి ప్రార్థన మొదలైంది. లేటుగ అచ్చిన పిల్లలను ఒక పక్క వరుసల నిలవెడుదురు గద, ఆయన గొడుగు చంకల పెట్టుకొని గా వరుసల పొయ్యి ఆఖర్ల నిలవడ్డడు. ఆటల సారుకు ఏం జెయ్యాల్నో తెల్వక, 'సార్, మీరు ఈడికి రాండ్రి సార్' అంటడు. ఈయన 'ప్రార్థన నడుస్తున్నది, మాట్లాడకు' అంటడు. గిది మా పిల్లలు ఇంటికచ్చి చెప్తె మేము నవ్వినం. మల్ల వారంల లేటుగ అచ్చే సారు ఒక్కడు లేడు. ఇప్పటోల్లు మీటింగులు పెడ్తరు, ఏసీ రూంల కూసొని క్రమశిక్షణ మీద మాట్లాడ్తరు, బయట డ్రైవర్లు ఎండల నిలవడ్తరు. నాకు గసొంటియి గిట్టయి. ఎవ్వలకు చెప్తున్నవో ముందుగాల నువ్వు చెయ్యాలె. ఆ, ఏడ ఉన్న? ఆ, శ్రీహరి.

సారు మంచోడే, కని ఆయన సుత తప్పు చేసిండు. గదే నీకు చెప్పాల్నని. అచ్చిన కొత్తల ప్రార్థనల ఒక మాట అన్నడు, 'పెద్దోల్లకు ఎదురు మాట్లాడేటోనికి ఈ బడిల జాగ లేదు' అని. మంచి మాటే గద. మేమందరం సై అన్నం. అప్పుడు మా శ్రీహరి ఎనిమిదో తరగతి. వాడు వరండాల పోతుంటే సారు ఎనుకకెళ్ళి మెల్లగ, 'ఏ తరగతి బిడ్డా నీది' అని అడిగిండట. వీడు ఎనుకకు మల్లి, 'ఏందీ' అన్నడు. గట్టిగ. సారు మల్ల అడిగిండు. వీడు మల్ల 'ఏందీ' అన్నడు, ఇంకింత గట్టిగ. బిడ్డా, నీది ఏ ఊరు, కరీంనగరా? అయితె నీకు సుత తెల్వది. సాంచెలున్న ఇంట్ల ఏందీ అంటె తిట్టు గాదు. ఆ మోతల ఎదుటోని మాట ఒక్కపారికి ఇనవడది. పెదవులు కదిలినయా, ముందుగాల్నే ఏందీ అంటం. మల్ల చెప్పు అని అర్థం. నేను మా అవ్వను అన్న, నా పెండ్లాం నన్ను అంటది, శిన్నపోరలు మమ్ములను అంటరు. ఉయ్యాలలకెళ్ళే గట్టిగ మాట్లాడుడు నేర్చుకుంటరు. అదే కోరుట్ల దిక్కు, మల్లాపూర్ దిక్కు పొయ్యి పొలంకాడ ఒక పెద్దమనిషిని గట్ల 'ఏందీ' అని ఒర్రి సూడు. లుంగి ఎగగట్టి కొట్లాటకే అస్తరు. సారు కొట్టలే. ఆయన ఎవ్వలను కొట్టడు. పక్కకున్న లెక్కల సారు, ప్రేమ్‌కుమార్, ఆయన కొట్టిండు. 'వీల్లు సాలోల్ల పోరగాండ్లు సార్, నోరు గింతనే ఉంటది, వీల్లకు కట్టెనే మందు' అన్నడట. సారు టీసీ రాపిచ్చిండు. ఎవ్వలన్న అచ్చి తీస్కపోండ్రి అని కబురు పెట్టిండు.

మేము పోలే. సాంచెలు బందు పెట్టి ఎట్ల పోతం? హెడ్మాస్టరే వద్దన్నంక ఇగ వాని సదువు గంతే అనుకున్నం. కనకవ్వ, నా ఇంటామె, ఏడ్చింది. నేను పిలగాన్ని సాంచెకాడ నిలవెట్టి పోగులు ఎట్ల అతకాల్నో సూపెట్టిన. జల్దినే నేర్చుకున్నడు. గదే నాకు బుగులు. జల్ది నేర్చుకున్న పిలగాడు మల్ల బడిదిక్కు సూడడు. మా గల్లీల గట్ల ఎందరో. పలకా బలపం పక్కకు పెట్టి సాంచెకాడ నిలవడ్డోడు ముసలోడైనంకనే ఆడికెళ్ళి కదులుతడు. నన్ను సూడు.

కొన్నొద్దులైంది, ఎవ్వలు పోకపోయేసరికి సారే అచ్చిండు, టీసీ పట్టుకొని. పగటి జాము. అన్ని సాంచెలు నడుస్తున్నయి. ఆయన గడపల నిలవడి ఏమో అంటున్నడు. కనకవ్వ కండెలు సుట్టుకుంట కూసున్నది, తలెత్తి 'ఏందీ' అన్నది. ఆయన మల్ల అన్నడు. అవుతలకెళ్ళి మా అవ్వ 'ఏందీ' అన్నది. నేను పోగు తెగితె అతుకుతున్న, సూసి సూడంగనే నేను సుత 'ఏందీ' అన్న. నాకెర్క లేదు బిడ్డా, ఆయన హెడ్మాస్టర్ అని నాకెట్ల ఎర్క, ఎన్నడు సూడలే. పాపం ఆయన రెండడుగులు లోపటికి అచ్చిండు, గొడుగు కింద పెట్టిండు, నోటికి చేతులడ్డం పెట్టుకొని తన బలమంత తీసి ఒర్రుతున్నడు. గప్పుడే కరెంటు పోయింది. అప్పుడు ఎప్పుడు పోతదో ఎప్పుడు అస్తదో తెల్వకపోతుండె. సాంచెలన్ని ఒక్కసారి ఆగినయి. ఆగంగనే ఇంట్ల ఒక్క ఆయన గొంతే మిగిలింది. 'మీ పిలగాడు నా మీద ఒర్రిండు' అని ఒర్రుతున్నడు. ఆ మాట ఎంత పెద్దగ ఇనవడ్డది అంటే, పక్కింటోల్లు తలుపుల్లకు అచ్చిండ్రు. పిలగాడు సాంచె ఎనుక దాసుకొని సూస్తున్నడు. సారు చేతులు అట్లనే మొకం కాడ ఉన్నయి. మెల్లగ దించిండు. ఇటు సూసిండు, అటు సూసిండు, సాంచెలు సూసిండు. మా అవ్వ ముసల్ది, ఆమెకేం తెల్వది, 'మెల్లగ చెప్పు కొడుకా, ఇప్పుడు ఇనవడ్తది' అన్నది. ఆయన టీసీ మడిచి జేబుల పెట్టుకున్నడు. గొడుగు తీసుకొని, 'శ్రీహరిని రేపు బడికి తోలుండ్రి' అని మెల్లగ అన్నడు, పోయిండు.

మర్నాడు నేను సుత పోయిన, పిలగాన్ని దించనీకి. గేటుకాడ నిలవడి ఇన్న, నా ఈ చెవులతోని ఇన్న. ప్రార్థన అయినంక సారు అందరి ముందట, సార్లు, పిల్లలు అందరి ముందట అన్నడు. 'మా నాయిన తాటిచెట్టు మీదికెళ్ళి పిలుస్తె ఊరంత ఇనవడేది. ఆయనకు పొగరని ఎవ్వలు అనలే. చెట్టు మీద ఉన్నడు గద అన్నరు. శ్రీహరి సాంచెలకాడ పెరిగిండు. ఆ సాంచెలు నాకు కనవడలే. కనవడకుంటనే శిచ్చ ఏసిన. తప్పు నాది.' గంతే. దండం పెట్టుడు, కండ్లల్ల నీళ్ళు తీసుడు, గసొంటి నాటకాలు ఏం లెవ్వు. మొకం ఎప్పటి లెక్కనే ఉన్నది. ప్రేమ్‌కుమార్ సార్ మాత్రం ఆగలే. 'హెడ్మాస్టరే తప్పు నాది అంటే రేపు మాకేం ఇజ్జత్ ఉంటది సార్' అన్నడు, అందరు ఇనంగనే. సారు ఏమన్నడో తెల్సా? 'ఇజ్జత్ కట్టెల ఉన్నదనుకుంటె కట్టెనే కుర్సీల కూసోపెట్టుండ్రి, నేను మల్లాపూర్ పోత' అన్నడు. మా ఆడోల్లు శానొద్దులు ఆ మాట చెప్పుకొని నవ్విండ్రు.

ఆ రోజుకెళ్ళి ఒక కాయిదా, రూలు లెక్క, పెట్టిండు. ఏ పిలగాని మీద కంప్లేంట్ చెయ్యాలన్న, ముందుగాల ఆ పిలగాని ఇంటికి పొయ్యి నిలవడాలె. పిలిపిచ్చుడు గాదు, పోవాలె. పని నడుస్తున్నప్పుడే పోవాలె. నిలవడి అచ్చినంక సుత కంప్లేంట్ ఉంటె అప్పుడు చెప్పుండ్రి, నేను ఇంట అన్నడు. మొదాలు ఆయనే పోతుండె. సాయంత్రం కాంగనే గొడుగు పట్టుకొని మా గల్లీలల్ల. సలహాలియ్యకపోవు. చాయ్ తాగకపోవు. నిలవడి సూస్తుండె. కొందరు సార్లు తిట్టుకుంట పోయిండ్రు, కొందరు పోలే. కని కంప్లేంట్లు తగ్గినయి బిడ్డా. పోయి సూసినోడు తిరిగచ్చి ఏమని చెప్తడు? ఒక పిలగాడు లెక్కలు ఎందుకు చెయ్యడో, ఒక పిల్ల ఎందుకు నిద్రవోతదో ఇంట్లకు పోతెనే తెలుస్తుండె. కొందరియి తెల్వకపోవు సుత. అన్ని అయినయని నేను అబద్ధం చెప్ప. గోడ దునికేటోల్లు ఆయన ఉన్నన్ని రోజులు సుత కొందరు దునికిండ్రు. కని కట్టె బందైంది. పిల్లలు సార్లను సూసి గల్లీ మారుడు బందైంది. మా శ్రీహరి పది పాసైండు. ఇప్పుడు బోయినపల్లిల కరెంటు డిపార్టుమెంట్ల లైన్మన్. వాడు గట్టిగనే మాట్లాడ్తడు, ఫోన్ల మాట్లాడ్తె నాకు సుత ఇనవడ్తది.

ఇగ ఆయన శానొద్దులు ఉండలే. సార్లను బడి టైంల ఇండ్లకు తిప్పుతున్నడని, సదువు ఖరాబైతుందని పైకి అర్జీ పెట్టిండ్రు. పెట్టింది ఎవ్వలు అని నేనెందుకు చెప్పాలె, అందరికెర్కే, ప్రేమ్‌కుమార్ సార్. సారును బదిలీ చేసిండ్రు. పొయ్యేనాడు ఆటోల సామాను పెట్టుకొని అందరికి చెప్పి పోయిండు, ప్రేమ్‌కుమార్‌కు సుత చెప్పిండు. మేమందరం అనుకున్నం, ఇగ మల్ల ఎన్కటి బడే అని. కట్టెలు అస్తయి, పాన్లు అస్తయి అని. అయితె ఒకనాడు సాయంత్రం నేను సాంచెకాడ ఉన్న. గడపల ఎవ్వలో నిలవడ్డరు. సూస్తె ప్రేమ్‌కుమార్ సార్. స్కూటర్ బయట పెట్టి అచ్చిండు. మా శిన్నబిడ్డ అప్పుడు ఆరో తరగతి, దాని కోసం. జరసేపు నిలవడి సూసిండు, పోయిండు. నాకు శానా వింత అనిపిచ్చింది. తర్వాత ఒకపారి సంతల కలిస్తె అడిగిన, ఏంది సారూ, అప్పుడు పోనన్నవు, ఇప్పుడు పోతున్నవు అని. 'ఆయన చెప్పినప్పుడు ఆర్డర్ అనుకొని పోలే. ఆయన పోయినంక ఒక పిలగాన్ని కొట్టనీకి చెయ్యి లేపబోయిన, లేవలే' అన్నడు. గంతే అన్నడు, కూరగాయల దిక్కు పోయిండు. రిటైరయ్యేదాక తిరిగిండు మనిషి.

లక్ష్మీరాజం సారును నేను ఆఖరుకు మల్లాపూర్ల సూసిన. పక్షవాతం అచ్చి మంచంల ఉన్నడని తెలిసి పోయిన. గుర్తువట్టిండు. బడి ఎట్లున్నది అన్నడు. కొత్త గోడలైనయి సారూ అని చెప్పిన. అది గాదు, ఎవ్వలన్న ఇండ్లకు పోతున్నరా అన్నడు. పెద్దమనిషి మంచంల ఉంటె 'పోతున్నరు' అంటె ఏం పోతుండె అని నీకనిపియ్యచ్చు. నేను అబద్ధమాడ బిడ్డా. బందైంది సారూ అన్న. ప్రేమ్‌కుమార్ సార్ ఉన్నన్ని రోజులు పోయిండు, ఆయన రిటైరైనంక ఎవ్వలు పోతలేరు, అందరికి ఫోన్లచ్చినయి, తల్లిదండ్రులనే బడికి పిలుస్తున్నరు అన్న. సారు నా దిక్కే సూసిండు. 'ప్రేమ్‌కుమార్ పోయిండా' అన్నడు. పోయిండు సారూ. 'నేను అక్కడికెళ్ళి అచ్చినంకనా?' అవును సారూ. 'ఎవ్వలు చెప్పకుంటనా?' ఎవ్వలు చెప్పకుంటనే. ఆయనకు గది తెల్వదు బిడ్డా, గన్నేండ్లు తెల్వదు. తను పోంగనే అంత కూలిపోయిందనే అనుకున్నడు. కండ్లు మూసుకున్నడు. నిద్రవోయిండనుకొని నేను లేచిన. అప్పుడు అన్నడు, 'ఒక్కడన్న చాలు, కని ఆయనెనుక ఇంకొకల్లు ఉండాలె గదనయ్యా' అని. నేనేమన్న సారునా? దండం పెట్టి బస్సెక్కిన. ఆ నెలల్నే పోయిండు.

ఏందన్నవు? ఆ రాధ ఎందుకు లేచి పోతుందో నాకెట్ల తెలుస్తది. నీకు తెల్వది, నాకు తెల్వది, టీసీ రాపిచ్చినోల్లకు తెల్వది. దానికి పొగరే ఉన్నదేమో, ఉండచ్చు. ఏం లేచినవు, చాయ్ పెడుతున్నది కనకవ్వ. వద్దా? ఆ పిల్ల ఇల్లు ఏడనా? గీ గల్లీ పట్టి పొయ్యి కుడిపక్కకు మల్లు, నీలిరంగు తలుపులు. వాల్ల నాయిన లేడు, తల్లే సాంచెలు నడిపిస్తది. పో మల్ల, జల్దిన పో. ఆరింటికి సాంచెలు బందు పెడ్తరు. బందు పెట్టినంక పోతె ఏం సమజ్ కాదు.