రాతి మీది ముప్పై ఒక్క పేర్లు

బట్టల ఫ్యాక్టరీ మంటల్లో పోయిన ముప్పై ఒక్కమందికి గుర్తుగా చర్చిలో నిలబెట్టడానికి, ఏసు శవాన్ని ఒళ్లో పెట్టుకున్న మరియమ్మను ఒక శిల్పి ఏడాదిగా రాతిలో చెక్కుతోంది. చూడ్డానికి వచ్చిన చర్చి పెద్ద దుమ్ముకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"బాగుందమ్మా. కానీ ప్రభువు ఒంటి మీద ఆ కాలిన బొబ్బలేంటి?"

"వాళ్ల ఒంటి మీదున్నవేనయ్యా."

"నున్నగా చేసెయ్. కింద ఆ పోయినవాళ్ల పేర్లు తీసేసి, ఫ్యాక్టరీ ఓనరుగారి పేరు పెట్టు. రాయి ఇప్పించింది ఆయనే కదా."

"వాళ్లు బయటికి రాకుండా తలుపులకి తాళం వేయించిందీ ఆయనే కదా!"

"అది కోర్టు చూసుకుంటుంది. దేవుడి సన్నిధిలో ఎందుకా గొడవ?"

"మీ చెల్లెలి కూతురి పేరు కూడా తీసెయ్యమంటారా?"

ఆయన గొంతు తగ్గించాడు.

"దానిదొక్కటీ వెనకవైపు ఎక్కడైనా చిన్నగా ఉంచమ్మా. ఓనరుగారి కంటపడకుండా."

ఆమె ఉలి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మిగతా ముప్పై మందినీ మీరే చెరిపెయ్యండి. ఒక్కో పేరూ పైకి చదివి మరీ చెరపండి. నాకు చేతులు రావు."

ఆయన ఉలిని బల్ల మీద పడేసి, రుమాలుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆమె మొదటి పేరు దగ్గర కూర్చుని, అక్షరాలను ఇంకా లోతుగా చెక్కసాగింది.